ఇసుక యెరూషలేముకు శాటిన్ గుమ్మటం

నా మాట కొలతకు నిలిచే మాట కాదని ముందే చెప్పేస్తున్నాను. మా పెరట్లో జెర్రి కనిపిస్తే అది నా నోరు దాటేలోపు తాచుపామవుతుంది, వీధి చివరకు చేరేసరికి దానికి మీసాలు మొలుస్తాయి. మా ఆవిడ నేను చెప్పిన ప్రతి లెక్కనూ నాలుగుతో భాగిస్తుంది. వచ్చినదాన్ని కూడా పక్కింటావిడను అడిగిగానీ నమ్మదు. కాబట్టి ఈ కింద వచ్చే ఎత్తులు, లోతులు, వాసనల ఘాటు మీకు తోచినంత తగ్గించుకోండి. నా కోపాన్ని మాత్రం తగ్గించకండి. అది ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను.

ఆ కోపం మొన్న ఖమ్మం బస్టాండు బయట మొదలైంది. చెరుకురసం బండి వెనక తాడిచెట్టంత ఫ్లెక్సీ కట్టారు. పవిత్ర దేశ యాత్రట. యెరూషలేము చూపిస్తారట, మూడు పూటలా మన భోజనమే పెడతారట. అక్షరాల కింద ఆ పట్నం బొమ్మ ఉంది. రాతి గోడలు, మెట్ల వీధులు, గుట్ట మీద చెట్లు, అన్నీ ఉన్నాయి. నడిబొడ్డున బంగారు గుమ్మటం ఒక్కటి లేదు. నేనా పట్నంలో ఎన్నడూ కాలు పెట్టలేదు. కానీ గుమ్మటం ఎక్కడుండాలో కళ్లు మూసుకుని వేలు పెట్టి చూపించగలను. సరిగ్గా అక్కడ యాత్ర తీసుకెళ్లే ఆయన ముఖం అతికించారు. గుండ్రటి ముఖం, నల్ల కళ్లద్దాలు, కింద తెల్ల కాలరు. మూడు మతాల వాళ్లు వేల ఏళ్లుగా కళ్లకద్దుకుంటున్న పట్నం మీద ఆయన బుగ్గలు రెండూ సూర్యచంద్రుల్లా వెలుగుతున్నాయి.

ఫ్లెక్సీ అంచున అచ్చేసిన కొట్టు పేరు చూసి వెనక సందులోకి నేరుగా పోయాను. కంప్యూటరు ముందు కూర్చున్న అతను బజ్జీ తింటున్నాడు.

"ఏంది తమ్మీ, ఆడ గుమ్మటముండాలె గదా?"

"ఉండె సార్. అది కనబడొద్దన్నరు. అది గూడ గుండ్రంగనే ఉన్నది గదా, సార్ ఫొటో మంచిగ సెట్టయింది."

అక్కడ నిలబడి నేను చేసిన ప్రసంగం మూడు గంటలు సాగింది. (భాగించుకోండి.) అతను మంచివాడు, మధ్యలో మంచినీళ్లు కూడా ఇచ్చాడు. ఎవరో ఒక ఫ్లెక్సీ మీద ఒక బొమ్మ కప్పేస్తే ఈ వయసులో నాకింత ఉడుకెందుకో చెప్పాలంటే, మా ఊరి వాగు ఇసుకలో కట్టిన యెరూషలేము సంగతి చెప్పాలి.

మా ఊరు భద్రాచలం నుంచి చర్ల పోయే దారిలో రోడ్డు దిగి అడవిలోకి నడవాల్సిన ఊరు. పొద్దున ఒక బస్సు వచ్చేది, దానికి బుద్ధి పుడితే సాయంత్రం తిరిగి పోయేది. ఎండలు ముదిరే ముందు ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఆ ఊరి వాసన ఎలా ఉండేదో ఇప్పటివాళ్లకు చెప్పినా ఎక్కదు. తీపి, పులుపు, కాస్తంత మత్తు. ప్రతి వాకిట్లో చాపల మీద పువ్వు ఆరేది. వాటిని పొడుచుకు తిన్న కోళ్లు గోడలకు గుద్దుకుంటూ నడిచేవి, మా ఊరి కోడిపుంజొకటి తెల్లవారుజామున కూయాల్సింది మధ్యాహ్నం భోజనాలప్పుడు కూసేది.

ఊరంతా గూడెం జనమే. వాళ్ల దేవుళ్లు వాళ్లకుండేవారు, గుట్టకొకరు, వాగుకొకరు. వాగు ఒడ్డున చిన్న దవాఖానా, దాన్ని ఆనుకుని చర్చి, చుట్టూ మావి ఏడెనిమిది క్రైస్తవ కుటుంబాలు. మా మేనత్త దవాఖానాలో నర్సు. ఆదివారం ఆమే మాకు సండేస్కూలు టీచరు. సూదిమందు వేసే చేత్తోనే వాక్యాలు అప్పజెప్పించుకునేది కాబట్టి ఎవరం తప్పు చెప్పేవాళ్లం కాదు. ఇక సాయిబుల ఇల్లు ఒకే ఒక్కటి. టైలర్ తాతది.

తాతకు పెళ్లాం పోయింది, పిల్లలు లేరు. అరుగు మీద మిషను, మిషను పక్కన గంజి పెట్టిన గుడ్డలు, మిషను ఆయిలూ అత్తరూ కలిసిన వాసన. ఊళ్లో ఒంటి మీద గుడ్డున్న ప్రతి మనిషీ ఆయన కత్తెర కింద నుంచి వచ్చినవాడే. గూడెం పెళ్లికూతురి రవికె, పాస్టరు గారి తెల్ల అంగీ, నా నిక్కర్లు, అన్నీ ఆయనే కుట్టేవాడు. నా నిక్కరు ప్రతిసారీ ఒక కాలు పొట్టి, ఒక కాలు పొడుగు వచ్చేది. అడిగితే నేనే వంకరగా నిలబడతానని దబాయించేవాడు. పండగకు ఆయన చేసే సేమ్యా పాయసం కోసం మేము వారం ముందు నుంచి ఆ అరుగు చుట్టూ తిరిగేవాళ్లం.

ఆ మిషను ఎదురుగా గోడకు ఒక క్యాలెండరుండేది. ఆయన మేనల్లుడు అరబ్బు దేశంలో డ్రైవరుగా ఉంటూ పంపాడు. దాని సంవత్సరం ఎప్పుడో ముగిసిపోయింది, తాత మాత్రం దించలేదు. దాని మీదే ఆ పట్నం, మధ్యలో ఆ బంగారు గుమ్మటం. తాత సూదిలో దారం ఎక్కించేటప్పుడల్లా ఒకసారి అటు చూసేవాడు. చాలాకాలం అది తాత వాళ్ల అత్తగారి ఊరనుకున్నాను.

అది యెరూషలేమని మేనత్త చెప్పిన రోజు నాకు మొదటిసారి కోపమొచ్చింది. మా ప్రభువు ఊరు ఈ సాయిబు తాత గోడ మీదికి ఎట్లా వచ్చిందని పరుగున పోయి నిలదీశాను. తాత మిషను తొక్కడం ఆపలేదు.

"మీదే బేటా, ఎవరు కాదన్నరు? మాది గూడ. బైతుల్ ముఖద్దస్ అంటం. మొదట్ల మా పెద్దలు గా దిక్కు తిరిగే నమాజు చేసిండ్రు."

ఇంటికొచ్చి అత్తను అడిగితే ఆమె ఇంకో పిడుగు వేసింది. మా ఇద్దరికంటే ముందు ఆ ఊరు యూదులదట. వాళ్ల దేవాలయాన్ని రెండుసార్లు పడగొట్టారట. ఒక్క గోడ మిగిలిందట. ఇప్పటికీ దాని దగ్గర నిలబడి ప్రార్థన చేసుకుంటారట, ఏడుస్తారట. నాకు అన్నం సహించలేదు. మా అడవిలో కొదువ లేకుండా గుట్టలున్నాయి, దేవుడికొకటి ఇచ్చినా మిగులుతాయి. అంత పెద్ద ప్రపంచంలో ముగ్గురికీ ఒకటే ఊరా?

ప్రభువు యెరూషలేములోకి ఊరేగిన రోజని ఈస్టరుకు వారం ముందు చేసుకునే మట్టల ఆదివారానికి ఆ ఏడు అత్తకు ఒక ఆలోచన వచ్చింది. ఏటా ఈత మట్టలు పట్టుకుని హోసన్నా పాడుకుంటూ దవాఖానా చుట్టూ తిరిగి వచ్చేవాళ్లం. ఈసారి యెరూషలేమునే కట్టి, దాని వాకిట్లోంచి ఊరేగింపు పోవాలంది. మధిర నుంచి పెద్ద పాస్టరు గారు కూడా వస్తున్నారంది. కట్టడానికి ఆమె దగ్గర ఏ బొమ్మా లేదు. ఊరంతటికీ ఉన్నది తాత క్యాలెండరొక్కటే. దాన్ని ఎరువు అడగడానికి పోతే తాత దించి, అంగీతో దుమ్ము తుడిచి, చేతిలో పెట్టలేదు. తనే పట్టుకుని మా వెంట నడిచొచ్చాడు.

"నాకు మక్కా పోయే తాకత్ లేదు బిడ్డా. గీ ఊరు అసలే చూడలేను. మీరు కట్టుండ్రి. గుమ్మటం మాత్రం నాకొదిలెయ్యిండ్రి. ఒక్కపాలి కండ్ల ముందట నిలబెట్టి చూసుకుంట."

అత్త సరేనంది. ఆ సరే దగ్గర్నుంచీ ఆ గుమ్మటం మట్టల ఆదివారం నాడు పట్నం మీద ఉండడం తాతకెంత అవసరమో మా అందరికీ తెలుసు. తెలియదని ఎవరమూ అనడానికి లేదు.

మొదటి అడ్డు గూడెం పటేలు నుంచి వచ్చింది. భూమి పండుగ కాకుండా నేలకు గడ్డపార తగలడానికి వీల్లేదన్నాడు. అది ఆ ఊరి కట్టు, దాన్ని పాస్టరైనా దాటడు. అత్త మెల్లగా బతిమాలితే ఆయన గడ్డం గోక్కుంటూ చాలాసేపు ఆలోచించాడు. వాగు ఇసుక ఏటేటా నీళ్లు తెచ్చి పోసేదే కాబట్టి అది భూమి లెక్కలోకి రాదని తీర్పు చెప్పాడు. ఆ తర్వాత, ముగ్గురి ఊరంటున్నారు కదా, ఎవరి పొలిమేర ఎక్కడని అడిగాడు. మొత్తం ముగ్గురిదీనని అత్త చెప్పింది. ఆయన తల ఊపి, అయితే ఆడ మస్తు పంచాయితీలుంటయి అని వెళ్లిపోయాడు.

అట్లా మా యెరూషలేము ఎండిన వాగులో తడి ఇసుకతో లేచింది. వారం రోజులు మోశాం. వాగు రాళ్లతో గోడలు, వెదురు తడికలతో వాకిళ్లు, ముగ్గుపిండితో వీధులు. నడిమి దిబ్బ మూడు తాటిచెట్ల ఎత్తుంటుంది. (భాగించుకోండి, మీ భుజం దాకా వస్తుంది.) దిబ్బ కూలకుండా పైకెక్కగల బరువు నాదొక్కడిదే కాబట్టి పైపనంతా నాదే. మధ్యాహ్నం పూట పటేలు వాళ్ల అమ్మ, మేం అవ్వ అనేవాళ్లం, వేయించిన ఇప్పపువ్వు బెల్లంతో దంచిన ముద్దలు తెచ్చేది. నేను మిగతావాళ్ల ముద్దలు కూడా సైన్యాధిపతి వాటా కింద కొన్ని లాగేసుకునేవాణ్ని.

అవ్వకు ఆ గోడ సంగతి అత్తే చెప్పింది. ఊరు పోయినవాళ్లు దాని దగ్గర నిలబడి ఏడుస్తారంది. అవ్వ ముద్దల గంప దించి, మేం పేర్చిన రాళ్లను తడిమి చూసింది. వీళ్ల పాత గూడెం గుట్ట అవతల ఉండేదట, ఆమె కోడలుగా వచ్చిన కొత్తలో సర్కారు వాళ్లు లేపేసి, ఇళ్లు కాల్చేశారట. ఆ సంగతి మాకు అప్పటిదాకా తెలియదు.

"నయమే. మాకు గోడ గూడ మిగల్లె," అంది. "మరి నేను నిలబడొచ్చునా బిడ్డా, నేను ఆళ్లదాన్ని కాదు గదా?"

అత్త ఏం చెప్పిందో నాకు వినపడలేదు. అవ్వ ఆ రోజు నుంచి రోజూ ముద్దలు పంచి, ఆ గోడ మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడి పోయేది.

తాత గుమ్మటాన్ని తన పెళ్లి డేగిసతో మొదలుపెట్టాడు. వాళ్లావిడ కాపురానికి వస్తూ తెచ్చుకున్న ఇత్తడి వంట డేగిస. బోర్లిస్తే అచ్చం గుమ్మటమే. దానికి బంగారు రంగు శాటిన్ తొడుగు. ఏళ్ల తరబడి పెళ్లి రవికెల్లో, పిల్లల గౌన్లలో మిగిలిన పసుపు ముక్కలన్నీ మూట విప్పి తీశాడు. గొడుగు గుడ్డలా పదహారు ముక్కలు కత్తిరించాడు. ఒక ముక్క నిమ్మపండు రంగు, ఒకటి తేనె రంగు, ఒకటి పండిన మామిడి. మా అత్త రవికె ముక్క ఎక్కడుందో నేను వేలు పెట్టి చూపించేవాణ్ని. తొడుగు అయ్యాక చింతపండు, బూడిద పెట్టి డేగిసను తోమడం మొదలెట్టాడు. మీద గుడ్డ కప్పేదానికి తోముడెందుకని నవ్వాను.

"గుడ్డ కింద ఏమున్నదో నాకెరుకె గదా బేటా."

శనివారం మధ్యాహ్నం గుమ్మటాన్ని నేనే ఎక్కించాను. ఎండకు ఆ శాటిన్ మెరుపు గోదావరి అవతలి పినపాక దాకా కొట్టి అక్కడి పశువులు బెదిరాయి. తాత కింద కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అట్లా చూస్తూ నిలబడ్డాడు. రేపు స్నానం చేసి, శుభ్రమైన బట్టలతో వచ్చి తీరిగ్గా చూసుకుంటానని అరుగుకు పోయాడు.

ఆయన అటు పోగానే జీపు ఇటు వచ్చింది. పెద్ద పాస్టరు గారు దిగి, మట్టలు కట్టిన వాకిలి చూసి మెచ్చుకున్నారు, గోడ చూసి మెచ్చుకున్నారు. గుమ్మటం దగ్గర ఆగిపోయారు.

"ఇదేంటమ్మా? ప్రభువు ఊరేగిన నాటికి ఈ గుమ్మటం లేనే లేదు. ఆరేడు వందల ఏళ్ల తర్వాత సాయిబులు కట్టుకున్నది. రేపు దీని కింద హోసన్నా పాడతారా?"

ఆయన చెప్పిన లెక్క సరైనదేనని నాకు పెద్దయ్యాక తెలిసింది. ఆ లెక్క మాలో ఎవరికీ తట్టలేదు. క్యాలెండరులో ఉన్న ఊరే ప్రభువు చూసిన ఊరనుకున్నాం. పటేలు మాత్రం పక్కనే చుట్ట కాలుస్తూ, ప్రభువు పోయిననాడు మా వాగు రాళ్లు గూడ ఆడ లెవ్వు గదయ్యా, అవి తియ్యమంటరా అని అడిగాడు. పాస్టరు గారు ఆయన వైపు చూడలేదు. అది తీస్తేగానీ రేపు మట్ట పట్టుకోనని అత్తతో చెప్పారు. అత్త జీతం, ఆ దవాఖానా, అన్నీ ఆ జీపులోంచి వచ్చేవే. ఆమె చేతిలో ఉన్న దూదిని ఉండ చుడుతూ నిలబడింది.

అప్పుడొచ్చింది వాన. ఎండాకాలపు మబ్బు గుట్ట వెనకనుంచి ఎనుబోతుల మందలా పరుగెత్తుకొచ్చింది. పడినవి చినుకులు కావు, బిందెలు. మేకలు చెట్లెక్కాయి. ఇప్పపువ్వు వాకిళ్లలోంచి కొట్టుకొచ్చి వాగంతా సారా అయింది. పాస్టరు గారు జీపులోకి, పటేలు చర్చిలోకి ఉరికారు. నేను ఒక్కణ్నే ఆ హోరులో దిబ్బెక్కి, తాత శాటిన్ తడవకుండా గుమ్మటాన్ని గుండెలకు హత్తుకుని దిగాను. ఉరుములు నన్ను చూసి తప్పుకున్నాయి. చర్చిలో బల్ల కింద దాచాను. మర్నాడు పొద్దున తాత వచ్చి, వానొస్తే తీసి దాచినందుకు నన్ను మెచ్చుకున్నాడు. ఎవరి మీదా తప్పు లేకుండా ఊరేగింపు గుమ్మటం లేని యెరూషలేములోంచే పోయింది.

తాత పోయి చాలా ఏళ్లయింది. దవాఖానాకు తాళం పడింది, కొన్నాళ్లకు తాళం కూడా ఎవరో పట్టుకుపోయారు. ఊరికి తారు రోడ్డొచ్చింది. ఆ రోడ్డు మీద లారీలు వచ్చి మా వాగు ఇసుకంతా ఎత్తుకుపోయాయి. ఇప్పుడు అందులో యెరూషలేము కాదు కదా, పిల్లలు పిచ్చుకగూడు కట్టడానికి కూడా పిడికెడు లేదు. ఆ పట్నం పేరు టీవీలో వచ్చినప్పుడల్లా గోడలు, పొగ, అరుపులు. పొలిమేర ఎవరిదని పటేలు అడిగిన మాట గుర్తొస్తుంది. గోడ గురించి అవ్వ అడిగినది గుర్తొస్తుంది. నిలబడొచ్చునా అని ముందు అడిగి, ఆ తర్వాత చెయ్యి పెట్టింది.

ఇక నేను కల్పించినదేదో చెప్పాలి. కోళ్లు తూలడం నిజం. పినపాక పశువుల సంగతి వాటినే అడగండి. వాన అబద్ధం.

ఆ శనివారం వాన పడలేదు. పాస్టరు గారి మాటకు అత్త కదల్లేదు, ఎవరూ కదల్లేదు. ఆయన మా వైపు తిరిగి, ఎవరు ఎక్కి దించుతారో వాళ్లే రేపు అందరికంటే ముందు పెద్ద మట్ట పట్టుకుని నడుస్తారన్నారు. దిబ్బెక్కగల బరువు నాదొక్కడిదే. ఎక్కాను. ఎవరూ నన్ను తొయ్యలేదు. అత్త వద్దని తల కూడా ఊపింది, చూసి చూడనట్టు ఎక్కాను. దించేటప్పుడు తొడుగు కొసన ఒక కుట్టు తెగింది.

ఆదివారం పొద్దున తాత వచ్చాడు. తెల్ల పైజామా, కొత్త టోపీ, అత్తరు. నేను పెద్ద మట్ట పట్టుకుని వరసలో మొదట నిలబడి ఉన్నాను. అవ్వ అప్పటికే గోడ దగ్గర ఉంది. దిబ్బ వైపు చూపించి, "ఈడ గుండ్రంగ ఉండె గదా, దాన్ని గూడ లేపేసిండ్రా?" అని అడిగింది. తాత ఆ బోడి దిబ్బను చూశాడు, నా చేతిలో మట్టను చూశాడు, నా ముఖం చూశాడు. ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు. అప్పటికే ఇసుక కాలుతోంది.

"వానొస్తదని తీసి దాసినవా, బేటా?"

"అవ్ తాతా," అన్నాను.

"మంచిగ చేసినవ్. శాటిన్‌కు నీళ్లు తగుల్తే రంగు దిగుతది."

చర్చి బల్ల కింద నుంచి నేను తెచ్చిచ్చిన డేగిసను చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మేం హోసన్నా పాడుకుంటూ ఇటు నడిచాం. ఆ క్రిస్మస్‌కు మా నాటకంలో బాలయేసును చూడవచ్చే ముగ్గురు జ్ఞానులకు టోపీలు కుట్టిచ్చింది ఆయనే. బంగారు శాటిన్‌వి. నేను మూడో జ్ఞానిని. నా టోపీలో ఒకచోట తెగిన కుట్టును మళ్లీ వేసిన గుర్తు ఉంది.

ఆ తర్వాత నేను చెప్పిన ప్రతి కథలోనూ వాన పడుతూనే ఉంది. ఏటికేడు పెద్దదవుతోంది. ఫ్లెక్సీ కొట్టులో అతను మంచినీళ్లిచ్చి, మీకెందుకు సార్ గంత కోపమని అడిగినప్పుడు కూడా చినుకులు మొదలయ్యాయని చెప్పి బయటకొచ్చేశాను. బయట ఎండ మండిపోతోంది. దీన్ని మాత్రం భాగించకండి.